గాడిదల పెళ్లికి బయమ్మ బాసికాలు

అనంతపురం జిల్లాలో మా అవ్వ బయమ్మ చేయి పడకుండా ఒక్క గాడిదకు కూడా పెళ్లి జరగలేదు. ఎక్కడైనా జరిగిందని ఎవరైనా చెబితే ఆ పెళ్లి చెల్లదు, ఆ మొగుడూ పెళ్లాలు సంసారం చేసి ఉండరు, ఆ ఊరి మీద చినుకు రాలి ఉండదు. గుత్తి కోట ఎక్కి నాలుగు దిక్కులా కేకేసినా, పుట్టపర్తి దాకా నడిచి విచారించినా, గాడిదను పెళ్లికూతుర్ని చేయడంలో ఆమెకు సాటి మనిషి దొరకదు. మనుషుల పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసేవాళ్లు వీధికొకరు ఉంటారు. వాళ్లదేం గొప్ప? ఆ పెళ్లికూతుళ్లు వెనక్కాలితో తన్నరు కదా.

ఈ మాట ఆమె ముందర అంటే నెత్తిన మొట్టికాయ పడుతుంది. అందుకని ఆమె పెరట్లో పేడ ఎత్తుతున్న సమయం చూసి చెప్పుకోవలసి వస్తోంది.

బయమ్మ చేతులకు ఊరికే ఉండడం రాదు. ఎర్రదొడ్డిపల్లి ఆడవాళ్లు పనులయ్యాక అరుగుల మీద చేరి ఊళ్లోవాళ్ల సంగతులు దువ్వుకుంటూ కూర్చునే వేళకు, ఆమె ఎద్దుల కొమ్ములకు కుచ్చులు అల్లుతూ కూర్చునేది. పుట్టింట్లో వాళ్ల నాయన ఎద్దులకు కట్టే నొసటి పట్టీలను చూసి చూసి, ఒకరు చెప్పకుండానే నేర్చుకుంది. రంగు ఉన్ని, గాజుపూసలు, గవ్వలు, అద్దం బిళ్లలు, ఏది దొరికితే అది ఆమె ఒడిలోకి చేరేది. ఏరువాక పున్నమి నాడు ఊరి ఎద్దులన్నీ మెరవణికి, అదే ఊరేగింపుకు, వస్తే, బయమ్మ ఎద్దులు కర్రోడూ మైలోడూ మాత్రం పెళ్లికి వచ్చినట్టు వచ్చేవి. అది చూసి ఎవరైనా "మాకూ రొంత చేసీ అక్కా" అని అడిగితే చేసిచ్చేది. చేసినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. తీసుకోవచ్చని ఆమెకు తోచనేలేదు.

ఆమె మొగుడు పుల్లన్న. నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది, జేబు మాత్రం చిన్నది. పెళ్లాం ఉన్ని ఉండ తీసిందంటే చాలు, ఆయన నోట్లోని వక్కాకు ఒక చెంప నుంచి ఇంకో చెంపకు మారేది.

"తినను గింజ లేదు, ఎద్దు నెత్తికి కుచ్చులంట. ఆ ఎద్దేమన్నా అద్దంలో చూసుకుంటాదా?"

"అది చూసుకోదు. నేను చూసుకుంటా. నీ మొగం చూసి చూసి విసుగొచ్చినబ్బుడు కండ్లకు ఏదో ఒకటి ఉండద్దా?"

ఇలా నవ్వుకుంటూ తిట్టుకుంటూ ఉండగా రెండు వేల రెండో సంవత్సరం వచ్చింది.

అంతకు ముందటి ఏడు చెనక్కాయ, అంటే వేరుశనగ, పూతలోనే మాడిపోయింది. కాయ లేదు సరే, పశువులకు మేతగా వేసే ఎండు కట్టె కూడా చేతికి రాలేదు. ఈ ఏడు విత్తనం కాయ మూటలోనే ఉంది, మబ్బు మాత్రం బళ్లారి దిక్కు నుంచి వచ్చి, ఊరిని ఒకసారి పలకరించి, కడప దిక్కుకు వెళ్లిపోతోంది. గడ్డివాములు ఉన్నచోట గుండ్రటి మచ్చలు మిగిలాయి. మేత లేక ఊరి ఎద్దులు ఒక్కో జతా సంతకు నడిచాయి. ఊరి పెద్దరైతు నరసింహప్ప కూడా తన జతను అమ్మేశాడు. ఆ ఏడు ఏరువాక పున్నమి మెరవణికి వచ్చినవి కర్రోడూ మైలోడే. రెండు ఎద్దులు, వాటి వెనక ఊరంతా. అవి రాజుల మాదిరి నడిచాయి గానీ, వాటి పక్కటెముకలు కుచ్చుల కింద నుంచి కనిపిస్తూనే ఉన్నాయి.

పున్నమి వెళ్లిన కొన్నాళ్లకు పశువుల బేరగాడు చిన్నప్ప ఇంటికి వచ్చాడు. పుల్లన్నే కబురు పెట్టాడు. ఆ సంగతి పెళ్లానికి చెప్పడానికి ధైర్యం చాలక, ఆమె బిందె తీసుకుని నీళ్లకు పోయిన వేళ చూసి రమ్మన్నాడు. బోరింగు దగ్గర ఆ రోజు నీళ్లు రాలేదు. ఆమె ఖాళీ బిందెతో తొందరగా తిరిగొచ్చింది.

మా పక్క ఎద్దుల బేరం నోటితో ఆడరు. అమ్మేవాడి చేతి మీద, కొనేవాడి చేతి మీద ఒక తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చూసేవాళ్లకు తువ్వాల కదలడం తప్ప ఇంకేమీ తెలియదు. బయమ్మ వచ్చేసరికి కొట్టం ముందర తువ్వాల కదులుతోంది. ఆమె బిందె కింద పెట్టింది. మొగుడి చేతిని తువ్వాల కింది నుంచి లాగిపారేసి, తన చేతిని పెట్టింది.

చిన్నప్ప పామును ముట్టుకున్నట్టు అదిరిపడ్డాడు.

"ఏమే, పిచ్చి గాని పట్టిందా నీకు?" పుల్లన్న గొంతు లేచింది. "ఆడది తువ్వాల కింద చెయ్యి పెడతాదా యాడన్నా?"

"పేడ ఎత్తేది నా చెయ్యి. కుడితి కలిపేది నా చెయ్యి. బేరానికి మాత్రం నీ చెయ్యా?"

చిన్నప్ప తువ్వాల కింద తడిమి చూశాడు. వేళ్లు దొరకలేదు. బిగించిన పిడికిలి దొరికింది.

"ఏమక్కా, పిడికిలి పెడితే ఏం లెక్క?"

"అమ్మేది లేదని లెక్క. తువ్వాల మడుసుకోని పో."

చిన్నప్ప పోయాక పుల్లన్న కొట్టం గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఈసారి ఆయన గొంతులో తిట్టు లేదు.

"వాటి డొక్కలు చూసినావా బయమ్మా? ఈడ ఆకలికి సచ్చేదానికంటే ఎవరో ఒకరింట్లో బతకనీ. నీ కుచ్చులు మేస్తాయా అవి?"

"పుష్యాల కార్తె పోయేదాకా ఆగు. ఆ లోపల వానొస్తే విత్తనానికి ఎద్దులు కావల్ల గదా. అంతదాకా మేత నేను తెస్తా. తేలేకపోతే చిన్నప్పతో పనిలేదు, నేనే పగ్గం పట్టుకోని సంతకు తోలకపోతా."

"యాడ నుంచి తెస్తావు?"

"తెస్తా అన్నా గదా."

యాడ నుంచి తెస్తుందో ఆమెకూ తెలియదు. మాట మాత్రం బయటపడిపోయింది. ఆగస్టు మొదట్లో పుష్యాల కార్తె పోతే చెనక్కాయ విత్తినా దండగే అని ఊరందరికీ తెలుసు. అంటే ఆ కార్తె దాటితే ఎద్దులను ఉంచుకోవడానికి సాకు కూడా ఉండదు.

ఆ వారంలోనే నరసింహప్ప వచ్చాడు. ఊరి వరసలో పుల్లన్నకు తమ్ముడు, అందుకని బయమ్మను ఎగతాళి చేసే హక్కు తనకు పుట్టుకతోనే వచ్చిందని ఆయన నమ్మకం.

"వదినా, వాన కోసరం గాడిదల పెండ్లి చేస్తాండాం. పెండ్లికూతురిని నువ్వే ముస్తాబు చెయ్యల్ల."

"ఎద్దులకు కట్టిన చెయ్యి ఇది. గాడిదకు కట్టమంటావా?"

"ఊర్లో ఎద్దులు యాడుండాయి వదినా?" అని ఆయన అనడంతో బయమ్మ మాట మార్చింది.

"సరే. పెండ్లికూతురు ఎట్లుంటాది?"

"తిప్పయ్య గాడిద, సుందరి. రొంత నీ మాదిరే ఉంటాది. ఒకరి మాట యినదు."

బయమ్మ చేతిలో చీపురు ఉంది. నరసింహప్ప పరుగున వీధిలో పడ్డాడు.

కరువు రోజుల్లో గాడిదకు ఉన్నీ పూసలూ తగలేయడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. జొన్న దంటు చీలిస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు ఉంటుంది. మా పక్క పిల్లలు దానితో బండ్లు చేసుకుని ఆడతారు. బయమ్మ ఆ బెండును పలచగా కోసి, చుట్టి, కుంకుమ నీళ్లలో ముంచి, నుదుటికి కట్టే బాసికం చేసింది. జొన్నాకులతో పూలు చేసి పెళ్లికూతురికొకటి, పెళ్లికొడుక్కొకటి దండలు కట్టింది. చూసినవాళ్లు నిజమైన చేమంతులనుకున్నారు.

పెళ్లి రోజు తిప్పయ్య ఆడపిల్ల తండ్రి మాదిరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సుందరికి పసుపు రాశారు, చీర చుట్టారు, బాసికం కట్టారు. అది చెవులు వంచుకుని సిగ్గుపడుతున్నట్టే ఉంది. పెళ్లికొడుకు పక్క ఊరు వంకమీదపల్లి నుంచి డప్పులతో వచ్చాడు. ఆ ఊరి పెద్ద ఓబుళేసు దగ్గరుండి నడిపించుకొచ్చాడు. దండలు వేసి ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు.

ఇక్కడ బయమ్మ ఒక సంగతి మరిచిపోయింది. గాడిద కంటికి చేమంతి చేమంతి కాదు. జొన్నాకు జొన్నాకే. ఊరి మేతంతా అయిపోయిన ఏడు, పెళ్లికూతురికి నెత్తి నుంచి మెడ దాకా మేతనే కట్టి, ఆకలిగొన్న పెళ్లికొడుకు ముందర నిలబెట్టింది.

పెళ్లికొడుకు ఒక్క అడుగు ముందుకు వేసి సుందరి బాసికాన్ని అందుకున్నాడు. అందరూ అదేదో ముద్దనుకున్నారు. కరకరా శబ్దం వచ్చింది. బాసికం అయ్యాక దండ అందుకున్నాడు. సుందరి ఊరుకుంటుందా? వాడి దండ అది అందుకుంది. తిప్పయ్య తాళి పట్టుకుని "ఆగండప్పా, ఆగండి" అంటూ ఉండగానే, వధూవరులు ఒకరి నగలు ఒకరు తిని మూతులు నాకుతూ నిలబడ్డారు.

డప్పులు ఆగిపోయాయి. అపశకునం అని ఎవరో గొణిగారు. అందరి చూపూ బయమ్మ మీద పడింది. ఆమె నడుముకు చెంగు దోపుకుంది.

"ఏమప్పా, అట్ల చూస్తాండారు? ఆకలికి తాళలేక పెండ్లికొడుకు పెండ్లికూతురి బాసికం తిన్నాడు. మన కష్టం వానదేవునికి ఇంతకంటే ఇడమర్చి ఎవురు జెప్పగలరు? ఇది చూసి గూడా వానికి కండ్లల్లో నీళ్లు రాకపోతే, వాడు దేవుడే కాదు!"

ముందు నవ్వింది ఓబుళేసు. ఆయన నవ్వు చూసి డప్పులవాళ్లు, వాళ్లను చూసి ఊరంతా. కరువొచ్చాక ఎర్రదొడ్డిపల్లి అంతగా నవ్విన రోజు ఇంకొకటి లేదు. వాన మాత్రం రాలేదు. కానీ ఆ పెళ్లి కథ మబ్బుకంటే వేగంగా తిరిగింది. ముదిగుబ్బ బస్సులో చెప్పుకున్నారు, ధర్మవరం కూరగాయల మార్కెట్లో చెప్పుకున్నారు. చెప్పినవాళ్లందరూ చివరికి ఆ బాసికం ఎంత అందంగా ఉండిందో కూడా చెప్పారు.

కొద్ది రోజులకు ఓబుళేసు సైకిలు మీద వచ్చి కొట్టం ముందర దిగాడు.

"అక్కా, మా ఊర్లో గూడా ఒక పెండ్లి చేస్తాండాం. నువ్వే రావల్ల. కాకపోతే ఈ తూరి తినే బాసికం వద్దు తల్లీ."

"వస్తా పో నాయనా."

"ఏం తీసుకుంటావు మళ్ల?"

ఆ మాట బయమ్మను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాదనబోయింది. ఆ లోపల కొట్టంలో కర్రోడు ఖాళీ తొట్టిని నాకుతున్న చప్పుడు వినిపించింది. వాడు తొట్టిని నాకడం కాదు, ఆమె గుండెను నాకినట్టయింది.

"మీ ఊర్లో బోరు కింద వరి పండిందంట గదా. బండెడు గడ్డియ్యి. పైన దుడ్లు నీకెంత తోస్తే అంత."

అని, తన నోటి నుంచి వచ్చిన మాటకు తనే ఆశ్చర్యపోయి, తల వంచుకుంది. ఓబుళేసు ఆశ్చర్యపోలేదు. "సరే అక్కా" అని సైకిలెక్కాడు. అంతే. ఇన్నేళ్లూ అడగడానికి సిగ్గుపడింది ఈ ఒక్క మాటకేనా అనుకుంది బయమ్మ.

మరుసటి రోజే ఆమె ధర్మవరం బస్సెక్కింది. అక్కడ నేత పని చేసే ఆంజినమ్మ ఇంటికి మంచి ఏళ్లలో చెనక్కాయలు తీసుకుపోయి ఇచ్చేది. అలా కలిసిన స్నేహం. ఆంజినమ్మ మగ్గం మీద చీర కోశాక కొసలు మిగులుతాయి. పట్టు పోగులు, జరీ తునకలు, అరచేయంత అంచులు. వాటితో చీర కాదు, చేతిగుడ్డ కూడా కాదు. ఒక గోనెసంచిలో కుక్కి మూలకు పడేసి ఉన్నాయి.

బయమ్మ అడిగింది విని ఆంజినమ్మ మగ్గం గుంతలోనే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

"మనుషులు పట్టు కొనేది మానుకోని చానా దినాలాయ. ఈ చీరలన్నీ అట్లనే ఉండాయి చూడు. గాడిదలన్నా కట్టుకోనీలే బయమ్మా. అయితే ఒక మాట. నువ్వు దుడ్లు తీసుకోని నాకు చెనక్కాయలిస్తే కుదరదు. వచ్చినదాంట్లో నాకూ పాలియ్యల్ల."

"ఇస్తా. నువ్వు గూడా నాతో కూచోని కట్టల్ల మరి."

అలా ఇద్దరూ కూర్చున్నారు. పట్టుతో బాసికాలు, జరీతో దండలు, ఎర్ర అంచులతో నొసటి పట్టీలు. గాడిదలు వీటిని కూడా నములుతాయేమోనని బయమ్మకు అనుమానం. అన్నిటినీ వేపనూనెలో ఒక ముంచు ముంచి ఆరేసింది. ఇక ఏ పెళ్లికొడుకైనా పెళ్లికూతురి దగ్గరకు మూతి చాచి, ఒక్కసారి వాసన చూసి, మర్యాదగా వెనక్కి తగ్గేవాడు. పెళ్లికి వచ్చినవాళ్లు కూడా కొంచెం వెనక్కి తగ్గేవాళ్లు గానీ, దాన్నెవరూ పట్టించుకోలేదు.

అది ఆషాఢ మాసం. మనుషులకు పెళ్లిళ్లు లేవు. గాడిదలకు మాత్రం ముహూర్తాలే ముహూర్తాలు. కదిరి దారిలో ఒక ఊరు, నార్పల పక్క ఒక ఊరు పిలిచాయి. పెళ్లికూతురు దొరకని ఊళ్లకు సుందరిని కూడా తోలుకుపోయేవాళ్లు. ఒకసారి యాడికి అనే ఊరి నుంచి కూడా మనుషులు జీపులో వచ్చి తీసుకుపోయారు. జీపు ముందు సీట్లో కూర్చున్న బయమ్మ ఊరు దాటేదాకా కొంగు సర్దుకుంటూనే ఉంది. ఎక్కడికి పోయినా గడ్డి ఉంటే గడ్డి అడిగేది, లేకపోతే దుడ్లు తీసుకుని లారీల్లో వచ్చే గడ్డి కొనేది. ఆంజినమ్మ వాటా ఆంజినమ్మకు ఇచ్చేది. కర్రోడూ మైలోడూ తొట్టి నాకడం మానేశాయి.

మొదటి పెళ్లికి పుల్లన్న ముఖం చాటేశాడు. రెండోదానికి దూరం నుంచి చూశాడు. తర్వాత నగల గంప సైకిలుకు కట్టి తనే తొక్కాడు. కార్తె సగమయ్యేసరికి మెరవణిలో అందరికంటే ముందు నడిచేవాడు.

"ఈ జరీ దండ చూసినావా?" అని ఒక ఊళ్లో ఎవరికో చెబుతున్నాడు. "దీంట్లో ముడులన్నీ నావే."

పక్కనే ఉన్న బయమ్మ వినేసింది.

"అవునప్పా, ముడులన్నీ ఆయనవే. ఇప్పేదానికి నాకు ఒక పూట పట్టింది."

ఇంత జరిగినా వాన రాలేదు. సుందరికి మొగుళ్లు ఎక్కువయ్యారు గానీ మబ్బు కరగలేదు. ఊళ్లకు ఆశ తగ్గింది, పిలుపులూ తగ్గాయి. లారీ గడ్డి ధర పెరిగింది. పుష్యాల కార్తె చివరి రోజులకు వచ్చేసరికి కొట్టంలో గడ్డి మోకాలి ఎత్తు కూడా లేదు. చిన్నప్ప రోజూ ఏదో పని ఉన్నట్టు తువ్వాల భుజాన వేసుకుని ఆ వీధినే పోతున్నాడు. బయమ్మ పగ్గం వైపు చూడడం మానేసింది. పుల్లన్న గుర్తు చేయలేదు. గుర్తు చేయకపోవడమే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది.

అప్పుడు నరసింహప్పా ఓబుళేసూ కలిసి వచ్చారు. ఇద్దరి ముఖాలూ పంచాయతీకి వచ్చినట్టు ఉన్నాయి.

"వదినా, రెండూర్లోళ్లం కూచోని మాట్లాడుకున్నాం. ఇన్ని పెండ్లిండ్లు చేసినా వాన రాలేదంటే, మొదటి పెండ్లే సరిగ్గా జరగలేదు. పెండ్లికొడుకు బాసికం తిన్నాడు, తాళి కట్టనే లేదు. ఆ పెండ్లి చెల్లకపోతే తర్వాతవి ఎట్ల చెల్లుతాయి?"

"అంటే వాన రాకపోయేది నా బాసికం వల్లనా?"

"నీ వల్లని కాదులే వదినా. జొన్నబెండు వల్ల."

బయమ్మకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. కోపాన్ని ముందు పెట్టి నవ్వును వెనక దాచుకుంది.

"అట్లయితే ఆ పెండ్లి మళ్ల చేస్తా. అదే సుందరి, అదే పెండ్లికొడుకు. మళ్ల మీ వాముల్లో ఏముందో అది నాకియ్యల్ల."

"మా ఊర్లో ఆకరి వామి ఒకటి ఉండాది," అన్నాడు ఓబుళేసు. "దాంట్లో ఒక బండి నీది."

ఉన్న పట్టు అంతా, ఉన్న జరీ అంతా ఆ పెళ్లికి పోయింది. పుట్టింటి నుంచి తెచ్చుకుని దాచుకున్న గవ్వలు కూడా సుందరి మెడలోకి పోయాయి. ఎద్దుల కొమ్ములకు కట్టే కుచ్చులను విప్పి ఆ ఉన్నిని కూడా వాడింది. ఆ కుచ్చులు విప్పేటప్పుడు మాత్రం కర్రోడికీ మైలోడికీ వీపు తిప్పి కూర్చుంది.

పెళ్లినాడు ఆంజినమ్మ కూడా ధర్మవరం నుంచి వచ్చింది, తన మగ్గం మీది పట్టును ఎవరు కట్టుకుంటారో కళ్లారా చూడాలని. సుందరి వచ్చి నిలబడితే ఆడవాళ్లు నిజంగానే దిష్టి తీశారు. పెళ్లికొడుకు బాసికం వాసన చూశాడు, గట్టిగా తుమ్మాడు, పక్కకు తిరిగాడు. తిప్పయ్య ఇదే అదునని తాళి కట్టేశాడు. డప్పులు మోగాయి. మెరవణి ముందర సుందరి, పక్కన మొగుడు, వెనక రెండూళ్లు, అందరికీ వెనక ఓబుళేసు ఇచ్చిన గడ్డిబండి. బయమ్మ పెళ్లికూతురి దగ్గర కాదు, ఆ బండి పక్కనే నడుస్తోంది.

ఊరి బయటి వంక దాటి తిరిగి ఊళ్లోకి వస్తుండగా గాలి ఆగిపోయింది. బళ్లారి దిక్కు నుంచి వచ్చిన మబ్బు ఈసారి పలకరించి పోలేదు, కూర్చుంది. మొదటి చినుకు డప్పు మీద పడి ఠప్పుమంది. డప్పులవాడు పైకి చూశాడు. ఆ తర్వాత ఎవరూ పైకి చూడాల్సిన పని లేకపోయింది.

రెండూళ్ల జనం చేతులు చాచి గంతులేశారు. నరసింహప్ప ఓబుళేసును కావలించుకున్నాడు. పెద్దవాళ్లు పిల్లల మాదిరి నోరు తెరిచి నిలబడ్డారు. ఉన్ని రంగు కారి సుందరి గులాబీ రంగు గాడిదయింది. అందరూ వానదేవునికి మొక్కుతుంటే ఒక్క బయమ్మ మాత్రం ఆకాశానికి చేయెత్తి తిడుతోంది.

"ఇన్ని దినాలు యాడ సచ్చినావురా సామీ! రొంతసేపు ఆగింటే నీ సొమ్మేం పోయింటాది? నా గడ్డి తడుస్తాండాది! ఏమయ్యో, ఎగిరింది చాలు, ఈడికి రా!"

పుల్లన్న పంచె పైకి కట్టుకుని నాట్యం ఆడుతున్నవాడు అలాగే పరుగెత్తుకొచ్చాడు. ఆంజినమ్మ సుందరి మీది చీర లాగేసింది. ముగ్గురూ కలిసి దాన్ని గడ్డి మీద కప్పి, బండిని కొట్టంలోకి తోశారు. పెళ్లికూతురు చీర లేకుండా, సిగ్గు లేకుండా, నడివీధిలో వానలో నిలబడి గట్టిగా ఓండ్రపెట్టింది. అదే ఆ పెళ్లికి మంగళహారతి.

వాన తెల్లారేదాకా ఆగలేదు.

తెల్లారాక ఊరికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా ఎర్రనేలలో వాన పదును ఆరకముందే విత్తనం పడాలి. ఆలస్యమైతే నేల మళ్లీ రాయి. విత్తాలంటే గొర్రు లాగే ఎద్దులు కావాలి. ట్రాక్టరు కోసం పరుగెత్తినవాళ్లకు, ఉన్న ఒకటీ అరా ఎప్పుడు వస్తాయో చెప్పలేమని జవాబు వచ్చింది. ఊరు మొత్తం మీద ఎద్దులున్నది ఒక్క కొట్టంలోనే.

నరసింహప్ప అందరికంటే ముందు వచ్చాడు. తడి పంచెతోనే ఉన్నాడు.

"పుల్లన్నా, ఒక్క పూటకియ్యి ఎద్దులు. నీ పుణ్యముంటాది."

పుల్లన్న వక్కాకు నములుతూ గడ్డంతో తలుపు వైపు చూపించాడు.

"నన్ను అడగద్దు తమ్ముడూ. ఎద్దులు దానివి."

బయమ్మ బయటకు వచ్చింది. నరసింహప్ప ఒక క్షణం తటపటాయించాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి, చేయి చాచి, దాని మీద కప్పుకుని ఆమె ముందర నిలబడ్డాడు. చూడడానికి ఊరంతా చేరింది. చిన్నప్ప కూడా ఉన్నాడు, అందరికీ వెనక.

బయమ్మ చేయి తువ్వాల కిందికి పోయింది. తువ్వాల కొంచెం కదిలింది. నరసింహప్ప ముఖం ముందు పొడవైంది, తర్వాత వెడల్పైంది, చివరికి నవ్వింది.

"వదినా, నువ్వు సంతలో ఉండాల్సిన మనిషి."

"ఇంకో మాట. ముందు నా సేను, తర్వాత మీయి. ఎద్దులు గూడా ఉత్త నెత్తితో సేనికాడికి రావు. రొంతసేపు ఆగండి."

వాన నీళ్లకు వెలిసిపోయిన ఉన్నిని మళ్లీ చుట్టి, మళ్లీ కుచ్చులు కట్టింది. కర్రోడూ మైలోడూ గులాబీ మరకల కుచ్చులతో ఊరి చేన్లన్నీ విత్తాయి. ఏరువాక పున్నమి ఆలస్యంగా వచ్చిందని ఊరు చెప్పుకుంది. ఆ పంట గొప్పగా పండిందని చెబితే అబద్ధం. ఏదో పండింది. కట్టె మాత్రం దండిగా వచ్చింది. ఎద్దులు విత్తిన ప్రతి చేనూ పుల్లన్న వామికి తన వంతు కట్టె పంపింది. ఆ ఏడు ఊళ్లోకెల్లా పెద్ద వామి ఆయనదే. దాని మీద ఆనుకుని కూర్చుని వక్కాకు నమలడం ఆయనకు వ్యవసాయంలోకెల్లా ఇష్టమైన పని అయింది.

తర్వాత కూడా కరువులు వచ్చాయి, అనంతపురానికి అవి చుట్టాలే. ఆ ఏళ్లలో గాడిదలు పిలిచేవి. వానలు పడ్డ ఏళ్లలో ఎద్దులు పిలిచేవి. ఎద్దులు తగ్గాక ట్రాక్టరు డ్రైవర్లు ముందు అద్దానికి కట్టుకుంటామని వచ్చి కుచ్చులు కొనుక్కుపోయారు. ధర్మవరంలో ఆంజినమ్మ ఇంటి మూలన ఇప్పుడు గోనెసంచి లేదు. కొసలు మిగిలిన రోజే ఎర్రదొడ్డిపల్లి బస్సెక్కుతాయి. ఎంత తీసుకుంటావని ఎవరైనా అడిగితే బయమ్మ తల వంచుకోదు. చేయి చాచి, తువ్వాల ఏదీ అంటుంది. ఆ రోజు నరసింహప్పకు తువ్వాల కింద ఎన్ని వేళ్లు చూపించిందో మాత్రం ఆమె చెప్పదు. ఆయనా చెప్పడు. తాత అడిగి అడిగి విసిగిపోయాడు.

ఇంతవరకు రాసి, పెరట్లోకి పోయి, అవ్వకు చదివి వినిపించాను. కర్రోడూ మైలోడూ ముసలివై కొట్టంలో నెమరువేస్తున్నాయి. ఆమె వాటి పక్కన కూర్చుని, పేడ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఒక్క మాట అడ్డం రాకుండా మొత్తం వింది. సుందరి చీర లాగేసిన చోట నవ్వు ఆపుకోవడానికి ముఖం ఎద్దు వైపు తిప్పుకుంది. అంతా అయ్యాక, జిల్లాలో గాడిదలన్నిటికీ నువ్వే పెళ్లి చేసినావని రాశాను, ఎట్లుంది అవ్వా అని అడిగాను.

"అన్ని గాడిదలను చూసినా గాని, నీలాంటిదాన్ని చూల్లేదే. పొద్దుటి నుంచి కూచోని రాసినావు, ఎద్దులకు గడ్డేసినావా? లేసి పో."